పేరు అడగని సర్వర్

పెదబయలు బాలికల బడిలో కంప్యూటర్లు చూసుకునే పాంగి రాజకుమారి కుర్చీలో కూర్చోదు; చున్నీ నడుముకు బిగించి, నిలబడే టైపు చేస్తుంది. ఆ గదిలో ఏ మెషిన్‌కూ డిస్కు లేదు. స్విచ్చి వేయగానే మూలనున్న సర్వర్‌ను అడిగి ప్రాణం తెచ్చుకోవాల్సిందే. అదేమో మెషిన్ వెనక ఉండే నంబరు తన జాబితాలో ఉంటేనే పలుకుతుంది. దివాణాలు పోయినా గుమ్మంలో బంట్రోతు బుద్ధి పోలేదు, ఇలా యంత్రాల్లో దూరింది! 2006లో ఒక ఉదయం, ఘాట్‌లో ఆగిపోయి ఆలస్యమైన లారీ పరీక్షకు పావుగంట ముందు పది పాత మెషిన్లను దించింది. తీగలు తగిలించి స్విచ్చి వేస్తే పదీ నల్లమొహం వేశాయి. వాటి ముందు కూర్చోవాల్సిన పదిమంది పిల్లల మొహాలూ అంతే.

"నంబర్లన్నీ ఎక్కించేసరికి మజ్జానం అయిపోద్దమ్మా. ఈలు మల్లీ ఏడాదికే రాయాల," అన్నాడు మెషిన్లు తెచ్చిన మోహన్‌కృష్ణ.

"మా కొండ మీద కొత్తోలొస్తే ముందు సోడంబలి పోస్తాం సార్. తాగినాక పేరడుగుతాం. మీ కింద ఊళ్లల్లో పేరు సెప్పేదాకా గుమ్మంలోనే నిలబెడతారేటి?"

అంటూనే సర్వర్‌లో ఒక్క వరుస మార్చేసింది: జాబితాలో లేని మెషిన్ అడిగినా పరీక్ష పేజీ తెరువు.

ఒకటి వెలిగింది. రెండు, మూడు... "అక్కా, నాదీ వచ్చీసింది!" పదోది వెలిగేసరికి గది హోరెత్తిపోయింది! పిల్లలు రాయడంలో పడ్డాక రాజకుమారి పెన్సిలు తీసుకుని, మొదటి మెషిన్ వెనక్కి వంగి, దాని నంబరు రాసుకుంది.