కాస్త వెనకగా వచ్చే గీత

నా చిన్నప్పుడు అమీర్‌పేటకీ పంజాగుట్టకీ మధ్య ఖాళీ స్థలాలు ఉండేవంటే మా మనవలు నావైపు జాలిగా చూస్తారు. ఉండేవి. వాటిని ఆనుకుని ఒక సందులో మేం అద్దెకుండేవాళ్ళం. నాన్నకు సనత్‌నగర్‌లో ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం. పక్క వాటాలో ఇంటి ఓనరు కుటుంబం. వాళ్ళ అమ్మాయి పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చదివేది. వాళ్ళింట్లో అక్కను ఆపా అంటారు కాబట్టి ఆమె నాకూ తమ్ముడికీ కూడా ఆపాయే.

ఆ ఎండాకాలం తమ్ముడికి కామెర్లు వచ్చాయి. తగ్గలేదు. ఇంతకంటే వివరంగా నేనెప్పుడూ ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను.

వాడు పోయిన రోజు నాన్న గోడకు తల కొట్టుకుని ఏడ్చాడు. తెనాలి నుంచి వచ్చిన నాయనమ్మ సందు సందంతా వినపడేలా ఏడ్చింది. నేనూ నా శక్తికొద్దీ ఏడ్చాను. అమ్మ ఏడవలేదు. మర్నాటి నుంచి వచ్చిపోయేవాళ్ళకు కాఫీలు పెట్టింది. ఎవరికి చక్కెర వద్దో కూడా గుర్తుంచుకుంది. కర్మలన్నీ అయ్యేదాకా ఆమె కంట చుక్క నీరు రాలేదు.

"ఏం గుండె తల్లీ అది! రాయి నయం" అని నాయనమ్మ మా మేనత్తతో అనడం విన్నాను. ఆ వయసులో లెక్కలు చాలా తేలిగ్గా తేలతాయి. ఏడుపు లేదు కాబట్టి బాధ లేదు. తమ్ముడి మీద లేని ప్రేమ నా మీద మాత్రం ఎక్కడుంటుంది? అమ్మ కలిపిన ముద్దలు తినడం మానేశాను. "నాతో తెనాలి వచ్చెయ్యరా, అక్కడే చదువుకుందువుగాని" అని నాయనమ్మ అంటే వెంటనే సరేనన్నాను. "వాడిష్టం" అంది అమ్మ. అదీ నాకు సాక్ష్యంగానే కనిపించింది.

ఆపాకు పరీక్షలు దగ్గరపడ్డాయి. ఏసీ సర్క్యూట్ల పేపరు అప్పటికే ఆమెను ఒకసారి ఓడించింది. సాయంత్రాలు డాబా మీద సుద్దముక్కతో పెద్ద పెద్ద అలలు గీసుకుని చదివేది. చిన్నగా గీస్తే బుర్రకెక్కదని ఆమె సిద్ధాంతం. ఇంట్లో ఉండలేక నేనూ వెళ్ళి అక్కడే కూర్చునేవాణ్ణి.

ఒక సాయంత్రం ఆమె నమాజుకని కిందికి వెళ్ళింది. నేల మీద రెండు అలలున్నాయి. తెల్లది వోల్టేజి, ఇటుకముక్కతో గీసిన ఎర్రది కరెంటు. తెల్లది పద్ధతిగా మొదట్లోనే బయల్దేరింది. ఎర్రది మాత్రం తీరుబడిగా, దాని వెనకాల ఎక్కడో మొదలైంది. పాపం, ఆపా పొరపాటు పడిందనుకున్నాను. మళ్ళీ ఫెయిలవుతుందన్న భయంతో ఎర్ర గీతను కాలితో చెరిపేసి, తెల్లదానితో సమానంగా, ముచ్చటగా గీసిపెట్టాను. విద్యారంగానికి నేను చేసిన మొదటి సేవ అదే.

ఆపా వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. "నువ్వు గీసినవా రా గిది? మస్తుగున్నది. మార్కులు మాత్రం గుండుసున్నా."

"అది లేటుగా వచ్చింది కదా ఆపా, తప్పనుకున్నాను."

"తప్పు గాదు రా. నడుమ కాయిల్, గదే తీగచుట్ట, ఉంటే వోల్టేజి ముందొస్తది, కరెంటు ఎన్క వస్తది. దాని తీరే గంత."

నాకు అర్థం కాలేదని నా మొహం చెప్పి ఉంటుంది. కిందికి తీసుకెళ్ళి, మా పెద్ద ఇనుప గేటును ముందుకూ వెనక్కూ ఊపమంది. బలమంతా పెట్టి నూకాను. అది ఆలోచించి ఆలోచించి కదిలింది. ఈలోగా నేను వెనక్కి గుంజడం మొదలుపెడితే అది ఇంకా ముందుకే పోతోంది.

"చూసినవా? నువ్వు గుంజుతున్నవ్, అది ఇంకా పోతనే ఉన్నది. బరువున్నది కదా, గందుకే." ఆపా గేటు మీద చెయ్యేసి కాసేపు మా వంటింటి కిటికీ వైపు చూసింది. "ఎన్కపడ్డదంటే తక్కువున్నదని గాదు. మీ అమ్మ లోపల సుత పెద్ద కాయిలే ఉన్నట్టుంది రా. జర ఆగు."

డిప్లొమా చదివేవాళ్ళు ఓదార్చే పద్ధతి అలా ఉంటుంది. నేను నమ్మలేదు.

తెనాలి ప్రయాణానికి ట్రంకుపెట్టె కొనాలని అమ్మ నన్ను కోఠీకి బయల్దేరదీసింది. అమీర్‌పేటలో బస్సెక్కాం. పంజాగుట్ట దాటాక కండక్టరు వచ్చాడు. "ఒక ఫుల్లు, రెండు హాఫులు" అంది అమ్మ, ఎప్పుడూ అనే మాటే.

అతను టికెట్లు చింపి ఇచ్చి, నన్ను చూసి, చుట్టూ చూశాడు. "ఇంకో పిలగాడేడమ్మా?"

అమ్మ పక్కకు చూసింది. వంగి సీటు కింద కూడా చూసింది. కండక్టరుకు మాత్రం అంతా అర్థమైపోయింది.

"హోల్డాన్! హోల్డాన్! పిలగాడు ఎక్కలే, కిందనే ఉండిపోయిండు!"

ఖైరతాబాద్ రాకముందే బస్సు ఆగింది. జనమంతా కిటికీల్లోంచి తలలు బయటపెట్టి వెనక్కి చూశారు, ఎవరో పిల్లవాడు పరుగెత్తుకొస్తున్నాడేమోనని. నేనూ చూశాను.

"ఫికర్ చెయ్యకమ్మా. ఎన్క బస్సుల ఎవరన్న ఎక్కిస్తరు తియ్, వచ్చేస్తడు" అన్నాడు కండక్టరు.

అప్పుడు వచ్చింది అమ్మకు. అది మనిషి గొంతని మొదట నేను గుర్తుపట్టలేదు. ముందు సీటు కడ్డీకి నుదురు ఆనించి, రెండు హాఫ్ టికెట్లూ గుప్పిట్లో నలిపి, వాడి పేరు పిలిచి పిలిచి ఏడ్చింది. వెనక సీటు ముసలామె నా చెవి దగ్గరికి వంగి ఏమైందని అడిగింది. చెప్పాను. ఆమె కండక్టరుకు చెప్పింది. అతను కడ్డీ పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. లక్డీకాపూల్ దాకా ఎక్కినవాళ్ళెవరికీ టికెట్ ఇవ్వలేదు. నష్టం ప్రభుత్వానికే.

నేను అమ్మ చుట్టూ చేతులు వేసి పట్టుకున్నాను. నా చేతులు అంత దూరం అందలేదు. లక్డీకాపూల్‌లో దిగి, రోడ్డు దాటి, ఇంటికెళ్ళే బస్సెక్కాం. పెట్టె కొనలేదు. నాయనమ్మ తెనాలికి ఒక్కతే వెళ్ళింది. నేను రానన్నందుకు అమ్మనే తిట్టుకుంటూ వెళ్ళింది.

కొన్నేళ్ళకు నేనూ అదే చదువు చదివాను. చదువు అంతంతమాత్రమే. ఏసీ సర్క్యూట్లలో కాయిల్ ప్రశ్న మాత్రం ఎప్పుడూ తప్పు రాయలేదు.

ఇప్పటికీ ఎవరింట్లోనైనా చావు జరిగితే అందరితోపాటే వెళ్తాను. ఎవరెంత ఏడుస్తున్నారో కొలవను. నిబ్బరంగా పనులు చూసుకుంటున్న మనిషి ఎవరో మాత్రం గుర్తుపెట్టుకుంటాను. కొన్ని నెలలు పోయాక, బంధువులంతా ఎవరి గొడవల్లో వాళ్ళు పడ్డాక, ఆ ఇంటికి ఇంకోసారి వెళ్తాను. "ఇప్పుడొచ్చారేంటి?" అని అడుగుతారు. ఇటువైపు పనుండి వచ్చానంటాను. పనేమీ ఉండదు. కూర్చుంటాను.