రెండు సీసం బిళ్ళలు

పదకొండేళ్ళుగా మెడ మీద ఒక బరువు మోస్తున్నాను. హెల్మెట్ తీసేసి చాలాకాలమైంది, బరువు మాత్రం దిగలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

నేను సైన్యంలో హెలికాప్టర్ నడిపేవాణ్ణి. చీకట్లో ఎగరడానికి హెల్మెట్ ముందు నైట్ విజన్ గాగుల్స్ తగిలిస్తారు. అవి తలను కిందికి లాగేస్తుంటాయి. దానికి విరుగుడుగా వెనక చిన్న సంచీలో సీసం బిళ్ళలు వేస్తారు. ఎవరికి ఎన్ని వెయ్యాలో లెక్కుంటుంది. మా యూనిట్లో ఆ పని అప్పలరాజుది. కలకత్తాలో పుట్టిన తెలుగువాడు. వాళ్ళ నాన్న కార్పొరేషన్‌లో నీళ్ళ పైపులు బాగుచేసేవాడట. అతనూ మాతోపాటే ఎగిరేవాడు. అక్కడ తెలుగు మాట్లాడేవాళ్ళం మేమిద్దరమే.

ఆ ఏడాది నా మెడ పట్టేసింది. తర్వాత ఎడమచేతి వేళ్ళు తిమ్మిరెక్కడం మొదలైంది. వైద్య పరీక్షలో మాత్రం బాగానే ఉన్నానన్నాను. నిజం చెబితే ఎగరనివ్వరు. అందరూ దాచేదే నేనూ దాచాను, ఇందులో తప్పేముందని ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నానో. తప్పు కాకపోతే ఇన్నేళ్ళు నిద్రెందుకు పట్టలేదు?

ఒక సాయంత్రం, ఎగరబోయే ముందు, ఇంకో రెండు బిళ్ళలు వెయ్యమన్నాను.

"ఏటి సార్, మెడ నొప్పెడతంటే మెడ మీదే ఇంకా బరువెట్టమంటారేటి? డాక్టరుకి సెప్పీండి," అన్నాడు అప్పలరాజు.

"ఈ ఒక్కసారికి వెయ్యి. నేనున్నాను కదా."

వేశాడు.

దిగేటప్పుడు దుమ్ము లేచింది. దిగే వేగం తగ్గాలంటే ఎడమచేత్తో లివర్ పైకి లాగాలి. లాగాననే అనుకున్నాను, కానీ వేళ్ళలో స్పర్శ లేదు. హెలికాప్టర్ ధభీమని నేలకు కొట్టుకుంది. ప్రాణాలు పోలేదు. అప్పలరాజు కాలు మాత్రం రెండుచోట్ల విరిగింది.

విచారణలో నా హెల్మెట్ బల్లమీద పెట్టారు. లెక్కకన్నా రెండు బిళ్ళలు ఎక్కువున్నాయి. ఎవరు వేశారని అడిగితే, కర్రల మీద నిలబడిన అప్పలరాజు "నేనే" అన్నాడు. అని నావైపు చూశాడు. మిగతా సగం నేను చెబుతానని చూశాడు. వెయ్యమన్నది మీరా అని నన్ను అడిగారు. లేదన్నాను. నా వేళ్ళ సంగతి అతనికొక్కడికే చెప్పుకున్నాను. అయినా నోరు విప్పలేదు. ఆ అదనపు బరువుకి నా తల నిలవక నేల అంచనా తప్పిందని తేల్చారు. తప్పంతా అతని అజాగ్రత్త కింద రాసి, అతన్ని మళ్ళీ ఎగరనివ్వలేదు. నేను ఇంకో ఆరేళ్ళు ఎగిరాను. సిగ్గుగా ఉంది.

రిటైరయ్యాక కలకత్తాలోనే, సాల్ట్ లేక్‌లో ఉంటున్నాను. కిందటి నెల భవానీపూర్‌లో మెడపట్టీలు, చేతికర్రలు అమ్మే దుకాణానికి వెళితే అక్కడ అతను, కర్రకు రబ్బరు తొడుగు కొనుక్కుంటున్నాడు. ఊరి శివార్లలో, బడ్జ్ బడ్జ్‌లో ఆయిల్ డిపో గేటు దగ్గర కాపలా పనట. నన్ను చూసి నిటారుగా నిలబడబోయాడు.

"మెడ ఎలాగుంది సార్?"

"తగ్గిపోయింది," అన్నాను. కొత్త మెడపట్టీ నా చేతిలోనే ఉంది. దానివైపు ఒకసారి చూసి, కుంటుకుంటూ వెళ్ళి బస్సెక్కాడు.

అక్కడే చెప్పాల్సింది. బడ్జ్ బడ్జ్ వెళ్ళి చెప్పగలనా? తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఆ రెండు బిళ్ళలు వెయ్యమన్నది నేనే. ఈ మాట ఇంతవరకూ ఏ కాగితం మీదా లేదు. ఇప్పుడు ఉంది.