మా తాత లేని నవల

ఆ రోజుల్లో, అంటే తెలంగాణ వచ్చిన కొత్తలో, మా పాలమూరు వైపు ఎవరిని కదిలించినా సొంతూరి మీద పుస్తకం రాస్తున్నామనేవారు. మన యాస అచ్చులోకి ఎక్కుతోందని అందరికీ గర్వంగానే ఉండేది. రాసేది మనవాళ్లే కాబట్టి బాగుండి తీరుతుందని నమ్మే వయసు నాది. డిగ్రీ అయిపోయి, ఉద్యోగం రాక, ఆత్మకూర్ దగ్గరి మా ఊళ్లో అరుగుల మీద కూర్చుని అన్నిటి మీదా అభిప్రాయాలు చెబుతూ కాలం గడిపేవాణ్ణి (అది కూడా ఒక పనే అంటే మా బాపు ఒప్పుకునేవాడు కాదు).

మా ఊరివాడే ఒక సారు హైదరాబాద్‌లో స్థిరపడి, ఊరి మీద పెద్ద నవల రాశాడు. వచ్చినప్పుడల్లా ‘ఒక్కర్ని గూడ ఇడ్వలే, అందర్ని రాసిన’ అని ఎదురుపడ్డ ప్రతివాళ్లకూ చెప్పేవాడు. ఆ మాటను మా అవ్వ గట్టిగా పట్టుకుంది. నేను పుట్టకముందే పోయిన మా తాత బావులు తవ్వేవాడు. ఊళ్లో సగం బావులు ఆయన చేతి మీద తవ్వినవే. బోర్లు వచ్చాక బావులు ఎండిపోయాయి, జనం తాతను మరిచిపోయారు. ఇంట్లో ఒక ఫోటో కూడా లేదు. పుస్తకంలోనైనా ఆయన ఉంటే చాలని, తనకిక వేరే కోరిక లేదని అవ్వ వాడకట్టంతా చెప్పుకుంది.

పుస్తకం వచ్చింది. అవ్వకు చదువు రాదు కాబట్టి వినిపించే పని నా మీద పడింది. మొదట ముందుమాటలు. పెద్దమనుషులందరూ ఇందులో మట్టివాసన ఉందని రాశారు. వాసనతోనే సరిపెట్టుకున్నారు గానీ లోపలికి వెళ్లిన జాడ లేదు. (నేనూ వాసన చూశాను. బంకవాసన వచ్చింది.) ఆ తర్వాత నవల. అందులో మా ఊరి పేరుంది, వాగుంది, మిగతాదంతా సారే. సారు బడికి పోవడం, సారు వాన చూసి కుమిలిపోవడం, ఊరంతా తరలివచ్చి సారును సలహా అడగడం. ఊరివాళ్లకు నోరు విప్పే అవకాశం వచ్చినచోట ప్రతి మాటకూ ముందొక ‘గ’ తగిలించి, యాస అయిపోయిందనిపించాడు. చివరి పేజీ దాకా వెతికాను. ఒకచోట ‘బావి దగ్గర కొందరు కూలీలు’ అని ఉంది. మా తాత ఆ కొందరిలో ఉండి ఉంటాడు.

‘ఏమాయెరా, మీ తాత వచ్చిండా?’ అంది అవ్వ. ఆ ముఖం చూసి లేడని చెప్పలేకపోయాను. వచ్చాడని చెప్పి, పుస్తకంలోకి చూస్తూ సొంతంగా చదవడం మొదలుపెట్టాను. తాత బండ పగలేసి నీళ్లు రప్పించాడు, మొదటి చెంబు అవ్వకే అందించాడు, నీ చెయ్యి తగిలితే ఈ ఊట ఆగదన్నాడు. అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుని, ఇరుగుపొరుగును పిలిచి మళ్లీ చదివించింది.

దసరాకు సారు ఊరికి వస్తే సన్మానం పెట్టారు. అవ్వ పుస్తకం పట్టుకుని నేరుగా ఆయన దగ్గరికి బయలుదేరింది, వెనక కాళ్లీడ్చుకుంటూ నేను. ‘బిడ్డా, మా ఆయన ముచ్చట జర నీ నోటితోని చదువు’ అంది, అందరి ముందూ. ఆ ముచ్చట అందులో లేదని తెలిస్తే అవ్వకు తాత రెండోసారి పోయినట్టే. సారు పేజీలు తిప్పాడు, మళ్లీ తిప్పాడు. తన పుస్తకంలో ఏముందో ఆయనకూ గట్టిగా గుర్తున్నట్టు లేదు. చివరికి కళ్లద్దాలు మరిచిపోయానని (అవి ముక్కు మీదే ఉన్నాయి) పుస్తకం నా చేతికిచ్చాడు. గొంతు సవరించుకుని నా తాతను నేనే చదివాను. సారు తల ఊపుతూ విని, ‘గీ అధ్యాయం రాసేటప్పుడు నాకు ఏడుపాగలే’ అన్నాడు. జనం చప్పట్లు కొట్టి శాలువా కప్పారు, ఆయనకే.

తిరిగొచ్చేటప్పుడు నాకు లోపల మండిపోతోంది. కల్పించింది నేను, శాలువా ఆయనకు. పోనీ అవ్వ నోటి వెంటైనా ఒక మెప్పు వినాలని, పుస్తకం ఎట్లుందని అడిగాను.

‘మంచిగనే ఉన్నది గని, గా మనిషెవరో నాకు తెల్వదు బిడ్డా. మీ తాత నాకు చెంబు అందిచ్చుడా? నీళ్లు పడ్డనాడు బాయిలకెల్లి ఎక్కొచ్చి, బువ్వ తెచ్చుడు ఆలిశమైందని నన్ను తిట్టిండు. మొకం నిండ మట్టి, నవ్వుకుంటనే తిట్టిండు. గదొక్కటి రాయలే సారు.’

ఇప్పుడు నేను పత్రికల్లో పుస్తకాల మీద రాస్తుంటాను. కొంచెం కటువుగా రాస్తానని పేరు కూడా వచ్చింది. అయినా ఆ దసరా నాటి కుర్రాడు గుర్తొస్తే నవ్వొస్తుంది, జాలీ వేస్తుంది. సారు మా తాతను మరిచిపోయాడు, నేనేమో ఆయన ముఖం కడిగి, మర్యాదస్తుణ్ణి చేసి కూర్చోబెట్టాను. ఆయన ఎట్లా ఉండేవాడో పక్కనే కూర్చున్న అవ్వను ఒక్క మాట అడగాలని మాత్రం నాకు తోచనే లేదు.