కొండెక్కని బండి

కొండ కింది ఆస్పత్రిలో ఆ డ్రైవరును అందరూ జీపు మావయ్య అనేవారు. ఆ జీపు ఆయనకంటే ముసలిదేమో అన్నట్టుండేది. తలుపుకు గడియ లేదు, తీగ కట్టుకోవడమే. బయట వానొస్తే లోపలా వానే. ఎక్కినవాళ్ల నడుములు విరిగేవి గానీ, కొండమీది ఇళ్ల గుమ్మాల దాకా పోయి రోగిని ఎక్కించుకుని దిగేది. దారిలో మొరాయిస్తే ఆయన కింద దూరి, తాడో రేకుముక్కో చేతికందింది పెట్టి మళ్లీ కదిలించేవాడు. "నన్ను కట్టుకున్నాడో, దాన్ని కట్టుకున్నాడో" అని భార్య ఇరుగుపొరుగుతో నవ్వేది.

ఎవరో పెద్దమనిషి ఆస్పత్రికి కొత్త బండి దానమిచ్చాడు. ఎత్తుగా, నల్లగా, అద్దంలా మెరిసిపోతూ వచ్చింది. లోపల ఏసీ, తోలు సీట్లు. ముసలి జీపును పాత ఇనుము వాళ్లు లాక్కుపోయారు. ఆ పూట ఆయనకు ముద్ద దిగలేదు. అయినా అబద్ధమెందుకు, కొన్నాళ్లకే కొత్తదాని మీద మనసు పడ్డాడు. ఏళ్లనాటి నడుంనొప్పి తగ్గింది. రోగులూ దారిలో కునుకు తీసేవారు.

అంతలో ఒక మలుపులో ముళ్లకంప గీరుకుని బండి పక్కంతా గీత పడింది. బాగుచేయించడానికి పట్నం పంపితే ఎన్నాళ్లకో గానీ తిరిగి రాలేదు. డాక్టరుగారు ఆయన్ని పిలిచారు.

"ఇకనుంచి బండిని కొండ మొదట్లోని కల్వర్టు దాటి పైకి తీసుకెళ్లకు. వాళ్లనే అక్కడిదాకా మోసుకురమ్మను."

"నడవలేనోళ్లండీ..."

"తెలుసయ్యా. అసలు బండే లేకపోతే అందరికీ ఇబ్బందే కదా."

ఆయన తలూపి బయటికొచ్చాడు.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం పైనుంచి ఫోనొచ్చింది. భార్య అన్నకు గుండెల్లో నొప్పి. ఆమె కాళ్లకు చెప్పులైనా లేకుండా పరుగున వచ్చి పక్కసీట్లో కూర్చుంది. కల్వర్టు దగ్గర ఆయన బండి ఆపలేదు.

చివరి మిట్టదారి వానకు నాని ముద్దయి ఉంది. సగం ఎక్కాక స్టీరింగు ముందు ఎర్రదీపం వెలిగింది. ఏ సెన్సరుకు బురద పట్టిందో ఏమో, బండి తనంతట తానే నెమ్మదించి ఆగిపోయింది. ఎన్నిసార్లు తాళం తిప్పినా ఉలుకూ పలుకూ లేదు. దిగి బానెట్ ఎత్తాడు. లోపలంతా నల్లటి ప్లాస్టిక్ మూత. వేలు పెట్టడానికి సందు లేదు.

పైవాళ్లు బావను దుప్పట్లో వేసుకుని, బురదలో జారుతూ, లేస్తూ దిగారు. బండి దగ్గరికి చేరేసరికే బావ ఒళ్లు చల్లబడింది.

డాక్టరుగారు నీ తప్పేం లేదన్నారు. ఉద్యోగమూ తీయలేదు. భార్య పల్లెత్తు మాట అనలేదు. అనుంటే ఆయనకు కాస్త తేలికయ్యేది. జీపు కూడా ఒకసారి అక్కడే జారి గోతిలో పడిన సంగతి గుర్తుచేసుకునేవాడు. అదెన్నిసార్లు ఎక్కిందో కూడా వెంటనే గుర్తొచ్చేది.

చాలా రోజుల తర్వాత, భోజనం దగ్గర ఆమె మెల్లగా అడిగింది.

"పాతదైతే ఎక్కేదా?"

"ఆ బురదలోనా? అదీ ఎక్కేది కాదులే" అన్నాడాయన, కంచంలోకి చూస్తూ. ఆ జీపును ఆయన తక్కువచేసి మాట్లాడగా ఆమె ఎన్నడూ వినలేదు.

ఆమె ఆయన కంచంలో ఇంకాస్త అన్నం వడ్డించింది.

"సరే, తినండి" అని లేచి లోపలికి వెళ్లిపోయింది.