తడి లాగేది ఏదైనా

సన్యాసిరావు షాపులో చచ్చిపోయిన ల్యాప్‌టాప్‌లు నూటికి తక్కువ ఉండవు. గోడ పొడుగునా చెక్క అలమరాలు, వాటి నిండా అవే. పాత ఇనుము కొనేవాళ్లు నెలకోసారి వచ్చి తూకానికి అడుగుతారు. ఇవ్వడు. ప్రతి దాని మీదా తెల్ల టేపు అంటించి, అందులో ఇంకా ప్రాణమున్న భాగాలేవో మార్కర్‌తో రాసి పెడతాడు. కీబోర్డు బాగుంది. తెర బాగుంది. ఎడమ వైపు మడత కీలు బాగుంది. ఎవరిదైనా తెర పగిలితే అలమరాలోంచి అదే రకం మరొకటి కిందికి దిగుతుంది. అలా ఒకదాని ఊపిరి ఇంకొకదానికి పోస్తూ పన్నెండేళ్లుగా అనకాపల్లిలో బతుకుతున్నాడు.

పక్క జిరాక్సు షాపు రాజుబాబు అతనికి వరసకు బావ. టీ తాగడానికి వచ్చినప్పుడల్లా ఓ మాట విసరకుండా వెళ్లడు.

"ఏటి బావా, ఇయ్యాల ఎన్ని శవాలొచ్చేయి?"

"రెండు."

"దినాలెప్పుడు మరి?"

"నీ జిరాక్సు మిషన్ పోనీ, అన్నిటికీ కలిపి సేసేద్దాం."

సన్యాసిరావుది కశింకోట పక్క పల్లె. వాళ్ల నాన్నకు కొంచెం చెరుకు, గానుగ తిప్పడానికి ఒక ఆయిల్ ఇంజను ఉండేవి. ఆ ఇంజను సన్యాసిరావు కంటే పెద్దది. బెల్లం వండే రోజుల్లో అది మొరాయిస్తే నాన్న కింద గోనెపట్టా పరిచి, విప్పిన ప్రతి నట్టునూ విప్పిన వరసలోనే దాని మీద పేర్చేవాడు. బిగించేటప్పుడు చివరి నుంచి మొదటికి. పట్టా మీద ఒక్కటి మిగిలినా మళ్లీ మొత్తం విప్పేవాడు. సన్యాసిరావు ఐటీఐలో నేర్చుకున్నది వేరే, పట్టా దగ్గర నేర్చుకున్నది వేరే. ఇప్పటికీ ఏ మిషను విప్పినా ముందు తెల్లకాగితం మీద దాని ఆకారం గీస్తాడు. ఏ మూల స్క్రూను ఆ మూల చుక్క పెట్టి, దాని మీద అంటిస్తాడు. చూసినవాళ్లు ముగ్గనుకుంటారు.

ఈ మధ్య వచ్చేవాటికి ముగ్గు వేసే పనే ఉండడం లేదు. మెమరీ బోర్డుకే అతికి ఉంటుంది. బ్యాటరీని జిగురుతో కరిపిస్తారు. ఒక పలుచని తీగ తెగితే సగం మిషను మార్చాలంటారు. ఒకరోజు ఫోన్‌లో ఎక్కడో విదేశంలో తయారైన ల్యాప్‌టాప్ వీడియో చూశాడు. ఏ భాగం ఎక్కడ విప్పాలో కంపెనీవాళ్లే లోపల అచ్చువేసి ఇచ్చారు. తెర, కీబోర్డు, ఛార్జింగు రంధ్రం, అన్నీ ఒక్క స్క్రూడ్రైవరుతో ఊడి వస్తున్నాయి. ఆ వీడియోను నాలుగుసార్లు చూసి రాజుబాబుకూ చూపించాడు.

"ఇలాటివి మనూరొత్తే ఇంక నీతో పనేటి? నువ్వేటి తింటావు?"

"గంజి తాగుతాను బావా. అయినా పర్లేదు, రానీ."

హాస్యానికి అనలేదు. విప్పడానికి వీలున్న వస్తువును చూస్తే అతనికి నాన్న చేతులు గుర్తొస్తాయి.

మొన్న మార్చిలో లోవలక్ష్మి వచ్చింది. రాంబిల్లి వైపు, సముద్రం ఒడ్డు ఊరు. భర్త వేటకు పోతాడు, తను తట్ట నెత్తిన పెట్టుకుని చేపలమ్ముతుంది. చంకలో నాలుగున్నరేళ్ల పిల్ల, పావని. కొంగు ముడిలోంచి ఒక మిషను తీసి కౌంటరు మీద పెట్టింది. బొటనవేలంత ఉంటుంది, చెవి వెనక తగిలించుకునేది. దాన్నుంచి ఒక తీగ, తీగ చివర గుండ్రటి బిళ్ల.

పుట్టుకతో చెవులు వినబడని పిల్లలకు ఆపరేషన్ చేసి లోపల ఒక పరికరం పెట్టి కుడతారు. అది ఒక్కటే ఏమీ చేయలేదు. చెవి వెనకున్న మిషను బయటి శబ్దాన్ని పట్టి, తలకు అయస్కాంతంతో అతుక్కునే ఆ బిళ్ల ద్వారా లోపలికి పంపాలి. బయటిది ఆగిపోతే లోపలిది ఉన్నా లేనట్టే. పావనికి రెండేళ్లప్పుడు ప్రభుత్వం ఖర్చుతో ఆపరేషన్ అయింది. అప్పటినుంచి ఒక్కొక్కటిగా ముప్పై మాటల దాకా నేర్చింది. మాటలు కుదురుకునే వయసు ఇదేనని, ఈ రెండేళ్లూ పోతే మళ్లీ రావని మాటలు నేర్పే మేడమ్ గట్టిగా చెప్పింది. ఇప్పుడు తీగ తెగింది. ఆ రకం తయారీ ఆపేశాం, తీగలు లేవు, కొత్త మిషను కొనుక్కోండి అని కంపెనీవాళ్లు అన్నారు. దాని ధర విన్నాక ఇంట్లో ఎవరూ మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

"ఇది నా పని కాదమ్మా. నేను ల్యాప్‌టాప్‌లు సేత్తాను."

"నువ్వూ అదే అనేసేవా అన్నా? మూడు షాపులు తిరిగొచ్చేను. అందరూ సూడకుండానే అన్నారు. నువ్వు సూసి అను."

చూశాడు. సూక్ష్మదర్శిని కింద తీగ లోపలి రాగి పోగులు వెంట్రుకల కన్నా సన్నంగా ఉన్నాయి. రెండు గంటలు పట్టింది అతకడానికి. బ్యాటరీ వేస్తే చిన్న పచ్చ లైటు వెలిగింది. లోవలక్ష్మి దాన్ని పిల్ల చెవికి తగిలించి బిళ్ల అతికించింది. సరిగ్గా అప్పుడే పక్క షాపులో జిరాక్సు మిషను గరగరమంది. పావని గోడ వైపు తిరిగి, వేలు చూపించి, "ఏటీ?" అంది.

ఆ వారమంతా సన్యాసిరావు ఇంట్లో రెండేళ్ల కూతురి వెనక నిలబడి చిటికెలు వేశాడు. ప్రతిసారీ పిల్ల తిరిగింది. ప్రతిసారీ అతనికి గుండె కుదుటపడింది, గంటకల్లా మళ్లీ అనుమానం వచ్చింది. భార్య శ్రీదేవి విసుక్కుంది. "ఏటండీ ఇది, పిల్లనా కుక్కపిల్లా?"

కానీ తీగ అతికిన రోజున షాపులో ఇంకొకటి జరిగింది. లోవలక్ష్మి వెళ్లబోతూ ఒక ప్లాస్టిక్ డబ్బా చూపించి అడిగింది. "పడుకున్నప్పుడు దీన్ని ఇందులో ఎట్టమన్నారన్నా. ఇందులో గుళికలుండేయి, అయిపోయేయి. మా ఊళ్లో దొరకవు. ఏటెయ్యమంటావు?"

అప్పటికి సన్యాసిరావు ఇంకొకరి ల్యాప్‌టాప్ విప్పుతున్నాడు. తల ఎత్తలేదు.

"తడి లాగేది ఏదైనా పర్లేదమ్మా."

అంతే అన్నాడు.

ఆగస్టులో ముసురు పట్టిన రోజున ఆమె మళ్లీ వచ్చింది. పదిహేను రోజులుగా లైటు వెలగడం లేదంది. డబ్బా మూత తీస్తే అడుగున గళ్లుప్పు, సగం కరిగి ముద్దయి ఉంది. మిషను అందులో కూరుకుని ఉంది.

"ఉప్పెందుకేసేవమ్మా?"

"నువ్వే కదన్నా తడి లాగేది ఏదైనా పర్లేదన్నావు? సేప ఒంట్లో నీరంతా లాగేత్తాది. మా ఇంట్లో ఇంతకన్నా లాగేది ఏటుంది?"

ఆమె తెలివిలో లోపం లేదు. ఉప్పు నిజంగానే తడి లాగుతుంది. తరతరాలుగా ఆ పని మీదే వాళ్ల బతుకు. కానీ ముసురు గాలిలో అది లాగిన తడికి తనే కరిగి ఉప్పునీరవుతుంది. ఉప్పునీటిలో కరెంటు పారుతుంది. బ్యాటరీ తీయకుండా పెట్టిన మిషనులో ఆ కొద్దిపాటి కరెంటు చాలు, ప్రతి రాత్రీ కాస్త కాస్త రాగిని తినేయడానికి. సిలికా గుళికలు తడిని పట్టి తమలోనే దాచుకుంటాయి, కరగవు. ఈ ఒక్క ముక్క చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?

"నేను సరిగ్గా సెప్పలేదమ్మా. తప్పు నాది."

ఆమె ఆ మాట విననట్టే, "సరే, బాగుసెయ్యి," అంది.

మిషనుకు స్క్రూలు లేవు. రెండు ముక్కలనూ కరిగించి అతికేశారు. సన్నటి వేడి గాలితో అంచు మెత్తబరిచి, బ్లేడుతో విడదీశాడు. లోపల బోర్డు మీద ఆకుపచ్చటి చిలుము. కరెంటు పారే రాగి దారులు కొన్ని అసలు లేవు. అలమరాల వైపు చూశాడు. వాటిలో ఒక్కటీ దీనికి బంధువు కాదు.

రిపేరువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టాడు. మూడో రోజు విజయనగరం నుంచి ఒకాయన రాశాడు. తన చుట్టాల అబ్బాయికి కొత్తది వచ్చిందట, పాతది ఇదే రకం, బీరువాలో పడి ఉందట. సన్యాసిరావు బస్సెక్కి వెళ్లి తెచ్చుకున్నాడు. దాని మైకు బాగుంది, బ్యాటరీ గూడు బాగుంది, బోర్డు చాలావరకు బాగుంది. పావని మిషనులోంచి బిళ్ల, తీగ తీసి దానికి కలిపాడు. తొమ్మిదో రోజు మధ్యాహ్నం పచ్చ లైటు వెలిగింది. రాజుబాబు వచ్చి చూసి, "లేచి కూసుందేటి బావా," అన్నాడు. సన్యాసిరావు నవ్వలేదు.

అతనికి ఒక సంగతి అప్పటికే తెలుసు. ఏ పిల్లకు ఎంత కరెంటు పంపితే ఎంత శబ్దంగా తోస్తుందో ఆసుపత్రిలో కూర్చోబెట్టి, కొలిచి, మిషనులోకి ఎక్కిస్తారు. ఒకరికి గుసగుస అయింది ఇంకొకరికి పిడుగు కావచ్చు. పావని కొలతలున్న చిప్పు చిలుములో పోయింది. ఇప్పుడు ఇందులో ఉన్నవి ఎవరో విజయనగరం అబ్బాయివి. ఆసుపత్రికి ఫోన్ చేశాడు.

"ఆ మోడల్ మా సిస్టమ్ గుర్తుపట్టదండీ. కంపెనీ సాఫ్ట్‌వేర్ మార్చేసింది," అంది అవతలి అమ్మాయి.

"మనిషి తల్లోది అలాగే ఉంది కదమ్మా. దానికి పనికొచ్చేది ఇదొక్కటే."

"అర్థమైందండీ. చెవి వెనక పెట్టే కొత్త ప్రాసెసర్‌కి కొటేషన్ పంపించమంటారా?"

మర్నాడు లోవలక్ష్మి పిల్లతో వచ్చింది. కౌంటరు మీద పచ్చ లైటు వెలుగుతోంది. ఆమె కళ్లు దాని మీదే ఉన్నాయి.

"ఎలిగింది కదన్నా."

"ఎలిగింది గాని పెట్టకూడదమ్మా. ఇందులో ఇంకో పిల్లాడి కొలతలున్నాయి. ఆసుపత్రోళ్లు మార్చాలి, వాళ్లేమో మా వల్ల కాదంటన్నారు."

"ఎవరివైతే ఏటన్నా, వినపడితే సాలు."

"ఎక్కువొచ్చేత్తే? తల్లోనే మోగుతాది అది."

"పాతిక రోజులైంది ఇది నా మాట ఇని. 'సేప' అనడం మర్సిపోయింది. సేప పట్టుకుని నా మొకం సూత్తంది. నీ పిల్లయితే ఏటి సేద్దువు?"

ఆమె చెయ్యి చాపి మిషను అందుకుంది. కౌంటరు అడ్డం ఉన్నా ఆపగలిగేవాడే, చేతి మీద చెయ్యి వేస్తే చాలు. కానీ తొమ్మిది రోజులు దాని మీద కూర్చున్నవాడు, ఆ లైటు చూస్తూ ఆ ఒక్క క్షణం అతనూ ఆశపడ్డాడు. సరిపోతుందేమో. పిల్లలంతా దాదాపు ఒకటే కదా. ఆ క్షణంలో లోవలక్ష్మి బిళ్లను పిల్ల తలకు ఆనించింది.

బయట ఆటో హారన్ మోగింది.

పావని అరిచిన అరుపు సన్యాసిరావు అంతకు ముందు ఏ పిల్ల నోటా వినలేదు. రెండు చేతులతో బిళ్ల పీకి నేలకేసి కొట్టి, బల్ల కిందికి దూరి, తలను మోకాళ్లలో దాచుకుంది. లోవలక్ష్మి నేల మీద కూర్చుని "అమ్మా, అమ్మా" అని పిలుస్తోంది. ఆ పిలుపు పిల్లకు అందదు. రాజుబాబు పరిగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు.

తర్వాత నెల రోజులు సన్యాసిరావు ఫోన్‌లు చేశాడు. చివరకు చెన్నైలో ఒక ఆసుపత్రి పాత సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటరును ఇంకా తీసేయలేదని తెలిసింది. తీసుకొస్తే ప్రయత్నిస్తామన్నారు. ఆ మాట ఫోన్‌లో చెప్పబుద్ధి కాక, మిషనును గుళికలున్న కొత్త డబ్బాలో పెట్టుకుని ఆదివారం బస్సెక్కాడు.

లోవలక్ష్మి ఇంటి ముందు నీడన చేపలు కోస్తోంది. కత్తి ఆపకుండానే అంతా వింది.

"ఎల్లి ఏటి సెయ్యనన్నా? తలకి నూనె రాద్దామన్నా సేతులడ్డం ఎట్టేత్తంది. జడెయ్యనివ్వదు. నిద్దర్లో సెయ్యేత్తే లేసి కూసుంటంది. దాని తలకి ఆ బిళ్ల ఎవరానిత్తారు?"

"కొన్నాళ్లకి మర్సిపోద్దమ్మా."

"కొన్నాళ్లకి మాటలూ మర్సిపోద్ది."

అతను డబ్బాను గట్టు మీద పెట్టాడు. ఆమె వద్దనలేదు, తీసుకోనూ లేదు.

"నేనా రోజు తలెత్తి సెప్పి ఉంటే," అని మొదలుపెట్టాడు.

"నాకు ఉప్పు తప్ప ఏటి తెలుసన్నా," అంది ఆమె. అతన్ని క్షమించిందో తనను నిందించుకుందో ఆ గొంతులో తెలియలేదు.

అన్నం వేళయింది. పావని దూరంగా పడవల దగ్గర అటు తిరిగి కూర్చుని, వల తాళ్ల ముడులు విప్పుకుంటోంది. సన్యాసిరావు అలవాటు కొద్దీ పేరు పెట్టి పిలవబోయాడు.

"ఒద్దన్నా. నేనే మానేసేను."

లోవలక్ష్మి చేతులు కడుక్కుని లేచింది. ఇసుకలో అడుగుల అదురు కూడా పిల్లకు తెలియదు. వెనక నుంచి ముట్టుకుంటే దడుసుకుంటుంది. ఎండలో అంత దూరమూ నడిచి, పడవ చుట్టూ తిరిగి, పిల్లకు ఎదురుగా వెళ్లి నిలబడి, అది తల ఎత్తే దాకా ఆగింది.