పసుపు పూసిన ఎనిమిది పెట్టెలు

జయకుమారి మా మేడ మీద గదిలో అద్దెకు దిగింది రెండువేల ఏడులో. వాళ్ల నాన్న దాచేపల్లి దగ్గర రాతి క్వారీలో పనిచేసేవాడు. పిల్ల గుంటూరులో ఎం.టెక్. దిగిన రోజే సబ్బుపెట్టెలంత డబ్బాలు బల్ల మీద పరుచుకుని కూర్చుంది. చూశాక నేనూరుకుంటానా?

“ఏంటమ్మాయ్ ఇవి, రేడియోలా?”

“చలీ తేమా కనిపెట్టే పెట్టెలు పిన్నిగారూ. తీగ లేకుండా ఒకదానికొకటి చెప్పుకుంటాయి. చివరిది నా కంప్యూటరుకి చెబుతుంది.”

“ఎనిమిదెందుకు? ఒకటి చాలదూ?”

“వరండాలో కూర్చుంటే మీకు వీధి కనబడుతుంది. డాబాల మీద సంగతులెవరు చెప్పాలి?”

“ఎదురు డాబా కరీమున్ చెబుతుంది.”

“పెరటి వైపువి?”

“దానికింకొకళ్లు కావాల్లే!”

“ఎవర్ని ఎక్కడ కూర్చోబెడితే పైనా కిందా ఏ మూలా తప్పిపోదో, అదే నా చదువు” అని నవ్వింది.

ఆ పెట్టెలు మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో పెట్టి చూపించాలి. యజమాని పేరయ్యగారు ఒక గది ఇచ్చారు, ఆ ఒక్క సీజనుకే. పనికిరాకపోతే జయ చదువు ఇంకో ఏడాది సాగుతుంది. వాళ్లింట్లో అంత ఓపిక లేదు.

గదిలో నాలుగంతస్తుల చెక్క అరలు. బస్తాలు నిండాక పెట్టెల మాట వాటిని దాటదని, మనుషులు నడిచే సందుల వెంట ఒకటి కిందా ఒకటి పైనా కట్టుకుంటూ పోయింది జయ. మా మిరప బస్తాలూ ఆ గదిలోకే వెళ్లాయి కనుక నేనూ వెంటపడి చూశాను.

సరుకు నిండిన మర్నాడు ఆఫీసులో కంప్యూటరు తెరిస్తే ఎనిమిదింటిదీ ఒకటే అంకె. పేరయ్యగారు పకపకా నవ్వారు.

“గదంతా ఒకటే చలి! ఈ మాత్రానికి మేకుకో థర్మామీటరు తగిలిస్తే పోలా?”

జయ అంకెలన్నీ మళ్లీ ఒక్కొక్కటే చూసింది.

“నేల దగ్గరా కప్పు దగ్గరా ఒకే అంకె రాదండీ. తలుపు తీయించండి.”

తీస్తే ఏముంది! మొదటి బస్తా ఎక్కించేముందు కొబ్బరికాయ కొట్టే గూట్లో, లక్ష్మీదేవి పటం ముందు ఎనిమిది పెట్టెలూ వరసగా కూర్చున్నాయి, పసుపు రాసుకుని, బొట్లు పెట్టుకుని.

“బస్తాల కింద నలిగిపోతాయని భద్రంగా పెట్టామమ్మా” అన్నాడు హమాలీల మేస్త్రి కోటేష్. “కొత్త సామానాయె, బొట్టు పెట్టకుండా ఎట్టా?”

“వాటికి బానే ఉందన్నా, చచ్చింది నేను!” అంది జయ. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

“మళ్లీ కట్టుకోడానికి సాయంత్రం దాకానే. తర్వాత ఈ తలుపు తీసేది లేదు” అన్నారు పేరయ్యగారు.

“చేసింది మేం కదండీ, మేమే ఎక్కిస్తాం” అన్నాడు కోటేష్.

జయ తలకు నా శాలువా చుట్టుకుని తనూ అరలెక్కింది. మిరప ఘాటుకి తుమ్ముతూ, “ఇంకాస్త పైకన్నా! ఆ మూలకి!” అని పైనుంచి కేకలు. వెనక మూలకి వెళ్లే దారి కోసం సందులో అడ్డంగా పేర్చిన బస్తాలు కూడా లాగించింది.

ఈసారి ఎనిమిది రకాల అంకెలొచ్చాయి. వెనక పైమూలది మిగతా వాటికన్నా బాగా ఎక్కువ. వెళ్లి చూస్తే ఫ్యాను మూతికి అడ్డంగా బస్తాలు పేర్చి ఉన్నాయి, చల్లగాలి అటు పోయే దారే లేదు. చలి అందని ఆ మూలనున్నవి మా బస్తాలే!

పేరయ్యగారు గొంతు సవరించుకున్నారు. “ఉంచమ్మా, సీజనంతా ఉంచు.”

ఆ పసుపు జయ తుడవలేదు. కాలేజీలో పరీక్షకొచ్చిన పెద్దలు అదేమిటని అడిగితే, చర్చికి తప్పకుండా వెళ్లే పిల్ల, “కొన్నాళ్లు అమ్మవారి దగ్గరున్నాయండీ” అందట.

ఇప్పుడు ఒంగోలులో పాఠాలు చెబుతోంది. మేడ మీద గదిలో ఎవరో కుర్రాళ్లున్నారు, తలుపే తీయరు. జయ చెప్పే ఆ పెరటి వైపు సంగతులు నాకేమీ అందడం లేదు.