పెళ్లి మండపంలో తెరుచుకోని కంప్యూటర్

ఆ రోజు గిద్దలూరులో బంధువుల పెళ్లి. అప్పుడే మా అమ్మాయి కొత్త ఉద్యోగం కోసం తన పని ఆన్‌లైన్‌లో చూపించాలి. అదంతా మార్కాపురంలో మా ఇంటి కంప్యూటర్‌లోని మరో కంప్యూటర్‌లా నడిచే వర్చువల్ మెషీన్‌లో ఉంది. రిమోట్ డెస్క్‌టాప్‌తో దాన్ని లాప్‌టాప్‌లో తెరిచేలా ముందురోజే ఇద్దరం అమర్చి సరిచూశాం.

మండపంలో లాప్‌టాప్ ఇంటి కంప్యూటర్‌తో ఎంతకీ కలవలేదు.

"ఏంది నాయనా, నిన్న బాగానే వచ్చింది గదా!" అంది అమ్మాయి.

అనుమానంతో నా భార్యను అడిగాను. "బయల్దేరేటప్పుడు కరెంటు మెయిన్ ఆపినావా?"

"ఆపకుండా తాళమేస్తారా ఎవరన్నా?"

ఇంతలో ఉద్యోగం ఇచ్చే కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. "ఇంట్లో కరెంటు లేదు సార్" అంది అమ్మాయి. మళ్లీ చేస్తామన్నారు, చేయలేదు.

నాదీ జాగ్రత్తే, నా భార్యదీ జాగ్రత్తే. ఎవరిని కోప్పడను? మేళం మోగుతుంటే అక్షింతలు వేయడం కూడా మరచి ముగ్గురం అలాగే నిలబడిపోయాం.